గట్టును నడిచేవాళ్లకీ సైకిళ్లకీ ఉంచండి: కృష్ణా డెల్టా ఇంజనీర్లకు బహిరంగ లేఖ

కృష్ణా డెల్టా కాలువల బాగోగులు చూసే జల వనరుల శాఖ ఇంజనీర్లకు, వర్క్ ఇన్‌స్పెక్టర్లకు, కాలువల మీద కాపలా తిరిగే లస్కర్లకు నమస్కారం.

మొన్న ఆదివారం తెల్లవారుజామున 5 గంటలకి మేం ఏడుగురం సైకిళ్ల మీద ప్రకాశం బ్యారేజీ దాటాం. లారీలనీ బస్సులనీ దాని మీదికి రానివ్వరు గనక బెజవాడలో సైకిలు తొక్కేవాడికి కాస్త ఊపిరాడే చోటు అది. 70 గేట్లూ దాటి సీతానగరం వైపు దిగి పడమటి ప్రధాన కాలువ గట్టు పట్టుకున్నాం. మా వైపు జనం బకింగ్‌హాం కెనాల్ అనేది దీన్నే. హైవే దాటిన కాసేపటికి హారన్ల మోత వెనకబడిపోయింది. దూరంగా కృష్ణా కెనాల్ స్టేషన్లో రైలు కూసింది. ఆ తర్వాత చైను తిరిగే చప్పుడు, తూముల దగ్గర నీళ్ల చప్పుడు, అంతే.

మాఘమాసం కదా, పొలాల్లో కుప్పలు నూర్చేశారు. మినుము ఒక వైపు, మొక్కజొన్న ఒక వైపు. చిలువూరు దాటాక పసుపు ఉడకబెడుతున్న వాసన గాలిలో ఎదురొచ్చింది. దుగ్గిరాల దగ్గరికొచ్చామని బోర్డు చూడకుండానే తెలిసింది. కరెంటు తీగ మీద లకుముకిపిట్ట, మంచులో తలలు మాత్రమే కనబడుతూ పసుపు తవ్వకానికి నడిచిపోతున్న ఆడకూలీలు. మాలో ఒకావిడకి 61 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. ఆవిడ ఆ 20 కిలోమీటర్లూ ఎక్కడా దిగకుండా తొక్కింది. రోడ్డు మీద అయితే రెండు కిలోమీటర్లు కూడా తొక్కనని ఆవిడే చెప్పింది. భయం కాళ్లలో ఉండదు, వెనక నుంచి వచ్చే బండి చప్పుడులో ఉంటుంది.

నాకు ఆ భయం ఎలా పట్టుకుందో చెబుతాను. మూడేళ్ల కిందట హైవే సర్వీసు రోడ్డులో నా దారిన నేను పోతుంటే, రాంగ్ రూటులో వచ్చిన ఒక బండి హ్యాండిల్‌ని తగిలింది. మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు. మా అమ్మాయి సైకిలు అమ్మేయమంది. అమ్మలేదు గానీ ఆర్నెల్లు దాన్ని ముట్టుకోలేదు. మళ్లీ ఎక్కానంటే ఈ కాలువ గట్టు వల్లే ఎక్కాను. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నది మీకు. పోలీసులకి కాదు, రోడ్ల వాళ్లకి కాదు.

మీరు కొత్తగా ఏదీ కట్టనక్కర్లేదు. ఉన్న గట్టును గట్టుగా ఉంచండి, దాని మీద కార్లూ టిప్పర్లూ తిరగకుండా చూడండి. మా కోరిక ఇంతే. అయితే ఇంత చిన్న కోరిక వెనక చెప్పాల్సింది చాలా ఉంది.

మా తాత ఈ కాలువ మీద పడవ మనిషి. గాలి వాలుగా ఉంటే తెరచాప ఎత్తేవాళ్లు, గాలి లేకపోతే తాడు భుజానికి వేసుకుని గట్టు మీద నడుస్తూ పడవని లాగేవాళ్లు. చినగంజాం ఉప్పు బెజవాడకి, ఇక్కడి ధాన్యం అక్కడికి. ఆయన భుజం మీద తాడు ఒరిపిడికి కాయకట్టిన మచ్చని చిన్నప్పుడు నేను వేలితో తడిమి చూశాను. లాకులంటే నీటి మట్టం మారే చోట పడవని ఎక్కించే, దించే తలుపుల గదులు. అక్కడ పడవ ఆగి, గది నిండి, పైకి లేచేదాకా గట్టున కూర్చుని చద్దన్నం తినేవాళ్లమని చెప్పేవాడు. ఈ కాలువలు పొలాలకి నీళ్లివ్వడానికి ఎంతో, సరుకులకి దారి కావడానికీ అంతే తవ్వారు. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక అటు ఏలూరు కాలువ మీదుగా గోదావరికి, ఇటు కొమ్మమూరు కాలువ మీదుగా పెదగంజాం దగ్గర అసలు బకింగ్‌హాం కాలువలోకి, అక్కడి నుంచి మద్రాసుకీ పడవలు నడిచాయి. 1952లో ఆ ఆనకట్ట తెగింది, 1957కి దాని స్థానంలో బ్యారేజీ వచ్చింది. తర్వాత రైళ్లూ లారీలూ పెరిగి పడవలు పోయాయి. తాడు లాగిన మనుషులు పోయారు. వాళ్ల కాళ్ల కింది దారి మాత్రం మిగిలింది. కాబట్టి గట్టు మీద మనిషి దారి అనేది మేం కొత్తగా కోరుతున్న సౌకర్యం కాదు. కాలువతో పాటే పుట్టింది.

సైకిలుకి ఆ దారి ఎందుకంత నప్పుతుందో మీకు నేను చెప్పడం హనుమంతుడి ముందు కుప్పిగంతులే. అయినా మిగతా పాఠకుల కోసం చెబుతున్నాను. డెల్టా కాలువ వాలు మైలుకి అంగుళాల లెక్కన ఉంటుంది. నీరు ఎక్కడా ఎగువకి పాకదు, కాబట్టి పక్కనున్న దారీ పాకదు. లాకుల దగ్గర చిన్న దిగుడు తప్ప ఎక్కే చోటే ఉండదు. గేర్లు లేని పాత సైకిలు చాలు, పదేళ్ల పిల్ల చాలు, మోకాళ్ల నొప్పులున్న మనిషి చాలు. మా డెల్టాలో సైకిలుకి ఎదురయ్యే కొండ ఒక్కటే, గాలి. ఎండాకాలం మధ్యాహ్నం దాటాక సముద్రం మీంచి పైరగాలి తిరుగుతుంది. అప్పుడు తెనాలి వైపు తొక్కితే ముఖానికి కొడుతుంది, తిరుగు దారిలో వీపున చెయ్యి వేసి తోస్తుంది. ఆ లెక్క చూసుకుని బయల్దేరితే రోజుకి 50 కిలోమీటర్లు తొక్కినా ఒళ్లు అలవదు.

ఇది ఎంత పెద్ద దారో ఒకసారి ఆలోచించండి. 2008లో కేంద్రం కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా ఈ కాలువలనీ, గోదావరి కృష్ణల్లో కొంత మేరనీ కలిపి జాతీయ జలమార్గం 4గా ప్రకటించింది. మొత్తం 1,078 కిలోమీటర్లు. అందులో ఏలూరు కాలువ లెక్క 139, కొమ్మమూరు కాలువ లెక్క 113. అంటే రాజమహేంద్రవరం దగ్గర గోదావరి నుంచి విజయవాడ మీదుగా పెదగంజాం దాకా 252 కిలోమీటర్ల నీటి దారి మీ శాఖ చేతుల్లో ఉంది. ఫ్రాన్సులో కెనాల్ దు మిడి అనే కాలువ 240 కిలోమీటర్లు. 1681లో తెరిచారు. ఇప్పుడు దాని గట్టు మీద సైకిలు తొక్కడానికి ప్రపంచం నలుమూలల నుంచీ జనం వస్తున్నారు, యునెస్కో జాబితాలో కూడా ఉంది. పొడవులో మనది దానికి తీసిపోదు. పక్కన పండే పంటల్లో, కాలువ ఒడ్డు ఊళ్లలో, దొరికే తిండిలో అసలే తీసిపోదు.

ఇంకో కాలువ కథ మీరు తప్పక వినాలి. అమెరికాలో వాషింగ్టన్ నుంచి కంబర్లాండ్ దాకా పోటోమాక్ నది పక్కనే చెసపీక్ ఒహాయో కాలువ ఉంది. 297 కిలోమీటర్లు. అక్కడ పడవలని కంచర గాడిదలు లాగేవి. 1924లో వరద వచ్చి పడవలు ఆగిపోయాయి, గట్టు అడవి పట్టింది. 1950ల్లో ఆ గట్టు పొడుగునా కార్ల రోడ్డు వేద్దామన్నారు. రాజధానిలోని పెద్ద పత్రిక ఒకటి అది బాగుందని సంపాదకీయం రాసింది. సుప్రీంకోర్టు న్యాయమూర్తి విలియం డగ్లస్ ఆ పత్రికకి ఉత్తరం రాశారు. ఆ సంపాదకీయం రాసినాయన నాతో కలిసి ఈ గట్టు మీద నడవాలి, నడిచాక కూడా రోడ్డే కావాలంటే అప్పుడు చూద్దాం అన్నది ఆ ఉత్తరం సారాంశం. పత్రిక వాళ్లు సరేనన్నారు. 1954 మార్చిలో బయల్దేరారు, ఎనిమిది రోజులు నడిచారు. మొదలుపెట్టిన వాళ్లు చాలామంది, మొత్తం దారి నడిచి చేరింది డగ్లస్‌తో కలిపి తొమ్మిదిమంది. పత్రిక తన మాట మార్చుకుంది. రోడ్డు రాలేదు. 1971లో ఆ కాలువ మొత్తం జాతీయ చారిత్రక ఉద్యానవనం అయింది.

ఇవాళ ఆ దారి చూస్తే మనం వెయ్యలేనిదేమీ లేదు. సిమెంటు లేదు, తారు లేదు, మట్టీ సన్న రాతి పొడీ. కొన్ని మైళ్లకొకటి చొప్పున చెట్ల కింద గుడారం వేసుకునే చోటు, అక్కడో చేతి పంపు. లాకులు తిప్పే ఉద్యోగి ఉండిన పాత ఇళ్లలో కొన్నిటిని బాగుచేసి రాత్రి బసకి ఇస్తున్నారు. అది చదివినప్పుడు నాకు మన లాకుల దగ్గర తలుపులూడి, రావిమొక్క మొలిచిన క్వార్టర్లు గుర్తొచ్చాయి. వాటిలో ఒక్కటి బాగుచేసి రెండు మంచాలు, ఒక కుండ నీళ్లు పెడితే, బెజవాడలో శనివారం సాయంత్రం బయల్దేరినవాడు లాకుల చప్పుడు వింటూ నిద్రపోయి ఆదివారం పొద్దున్నే తెనాలిలో టిఫిను తింటాడు.

మన పక్కన హైదరాబాదులో 2023లో ఔటర్ రింగురోడ్డు వెంట 23 కిలోమీటర్ల సైకిలు దారి వేసి, ఎండ తగలకుండా పైన సౌర ఫలకలు కప్పారు. వాళ్లని మెచ్చుకోవాలి. వాళ్లకి నీడ కోసం ఇనుము నిలబెట్టాల్సి వచ్చింది. మనకి గట్టు మీద ఎవరో ఎప్పుడో నాటిన నిద్రగన్నేరు చెట్లున్నాయి. దారి వెడల్పు పేరుతో వాటిని మాత్రం కొట్టించకండి. చెట్టు పోయిన గట్టు మీద మార్చి తర్వాత పొద్దున 9 దాటితే మనిషి నిలబడలేడు.

ఇప్పుడు మీ వైపు నుంచి ఆలోచిస్తాను. మీకు అన్నిటికంటే పెద్ద భయం గండి. 2024 సెప్టెంబరులో బుడమేరు మళ్లింపు కాలువకి గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉండటం మేమూ చూశాం. మా బంధువుల ఇల్లు ఒకటి అందులో ఉంది. గట్టుకి చెరుపు చేసే పని ఏదీ అడిగే మనుషులం కాదు. సైకిలూ మనిషీ కలిపి వంద కిలోల లోపు. మట్టి లోడుతో ఉన్న టిప్పర్ ఎన్ని టన్నులో మీకు తెలుసు. గట్టు అంచులు కుంగేది ఎవరి చక్రాల కిందో కూడా మీకు తెలుసు. పైగా గట్టుకి కావల్సింది దాన్ని రోజూ చూసే కళ్లు. ఎండ్రకాయ బొరియలోంచి సన్నగా ఊట మొదలైతే, దాన్ని ముందు చూసేది జీపులో పోయే మనిషి కాదు. మెల్లగా పోయేవాడు చూస్తాడు. లస్కర్ల సంఖ్య తగ్గిపోయి ఒక్కొక్కరి మీద ఎంత దూరం పడుతోందో వాళ్లే మాకు చెప్పుకుంటున్నారు. ప్రతి తూము దగ్గరా మీ సెక్షన్ ఆఫీసు నెంబరు రాసిన బోర్డు పెట్టండి, ఫోను చేసే బాధ్యత మాది.

రైతుల సంగతి వేరు. పంట ఇంటికి రావాలంటే ట్రాక్టరు గట్టు ఎక్కక తప్పదు. పసుపు, కంద, అరటి గెలలు నెత్తిన మోసుకు రమ్మని ఏ సైకిలు మనిషీ అనడు. అంటే వాడి మాట వినొద్దు. అందుకే రెండు గట్లూ అడగడం లేదు. ఊళ్లకీ పొలాలకీ దారిగా వాడుకలో ఉన్న గట్టు వాళ్లకే ఉండనివ్వండి. రెండో గట్టున, ఎక్కడ బండ్ల అవసరం లేదో అక్కడ, మొదట్లోనూ చివరా రెండు రాతి స్తంభాలు పాతించండి. నాలుగడుగుల సందు వదిలితే సైకిలు పడుతుంది, గేదె పడుతుంది, కారు పట్టదు. తప్పనిసరిగా ట్రాక్టరు పోవాల్సిన ముక్కల్లో తాళం ఉన్న గేటు పెట్టి తాళంచెవి ఆ ఊరి రైతుల దగ్గరే ఉంచండి.

గట్టు మీద గుడిసెలు వేసుకున్న వాళ్ల గురించి కూడా చెప్పాలి. విజయవాడలో బందరు, రైవస్, ఏలూరు కాలువల వెంట తరాలుగా బతుకుతున్న కుటుంబాలున్నాయి. సైకిలు దారి పేరు చెప్పి వాళ్లని లేపే పని జరిగితే ఆ దారి మీద నేను చక్రం పెట్టను, నా స్నేహితులూ పెట్టరు. ఊళ్లో ముట్టుకోకండి. సీతానగరంలో మొదలుపెట్టి దుగ్గిరాల లాకుల దాకా చేయండి చాలు. అది బాగుంటే తెనాలికి, సంగం జాగర్లమూడి, చేబ్రోలు వైపుకి తర్వాత పోవచ్చు. గుంటూరు వాళ్లు అటు నుంచి వచ్చి కలుస్తారు. గుంటూరు తాగే నీటిలో కొంత సంగం జాగర్లమూడి నుంచి వెళుతుంది కదా, తాము తాగే నీటి వెంట ఆ ఊరి పిల్లలు ఒకసారి సైకిలు తొక్కి చూడాలని నాకు ఆశ.

అందం చేయవద్దని మాత్రం చేతులు జోడించి అడుగుతున్నాను. రంగు దీపాలు, సిమెంటు బెంచీలు, ఫౌంటెన్లు, సెల్ఫీ బోర్డులు వద్దు. ఆ డబ్బుతో కంప కొట్టించండి. సర్కారు తుమ్మ ముల్లు సంగతి సైకిలు తొక్కేవాళ్లని అడగండి. మొన్న ఏడుగురిలో నలుగురి టైర్లు పంచరయ్యాయి, గట్టు మీద కూర్చుని ట్యూబుని నీళ్లలో ముంచి బుడగలు చూసుకుంటూ గంటంబావు గడిపాం. ఒక చోట పైపు కోసమో దేని కోసమో గట్టుని అడ్డంగా తవ్వి పూడ్చకుండా వదిలేశారు. ఎవరు తవ్వారని అడగడం లేదు. మంచులో అది అయిదడుగుల దూరానికి వచ్చేదాకా కనబడలేదు. మా ముందు పోతున్న పాలబ్బాయి అలవాటు కొద్దీ దిగి, క్యాన్లతో సహా సైకిలుని మోసుకుని దాటాడు. రోజూ అలాగే దాటుతున్నాడట.

ఆ పాలబ్బాయి మీకు గుర్తుండాలి. ఈ ఉత్తరం హెల్మెట్టు పెట్టుకుని ఆదివారం షికారు చేసే మాలాంటి వాళ్ల కోసమే అనుకునే ప్రమాదం ఉంది. గట్టుని రోజూ వాడేది అతను, కూలికి పోయే ఆడవాళ్లు, మీ లస్కర్లు. ప్రభుత్వం ఇచ్చిన సైకిళ్ల మీద హైస్కూలుకి పోయిన ఆడపిల్లలు ఈ ఊళ్లలోనే ఉన్నారు. వాళ్లకి కార్లు తిరిగే రోడ్డు తప్ప వేరే దారి ఉంటే, పదో తరగతి తర్వాత పక్క ఊరి కాలేజీకి పంపడానికి తల్లిదండ్రులు ఇంకాస్త ధైర్యం చేస్తారు. మేం నెలకి నాలుగుసార్లు వస్తాం, ఊరి హోటల్లో ఇడ్లీ తింటాం, అరటిపళ్లు కొంటాం. ఆ డబ్బు ఊరికి మిగులుతుంది. దారి మాత్రం రోజూ వాళ్లది.

ప్రమాదం గురించి దాచను. కాలువ నిండుగా పారేటప్పుడు జారి పడితే ఈతొచ్చినవాడికీ కష్టమే. ఒడ్డు నిటారుగా ఉన్నచోట పట్టు దొరకదు. కాబట్టి ఫర్లాంగుకో చోట నీళ్లలోకి దిగే రాతి మెట్లు, ఒక ఇనుప కొంకీ కావాలి. పాత రేవులు చాలాచోట్ల ఉన్నాయి, పూడిక తీస్తే మెట్లు బయటపడతాయి. చీకటి పడ్డాక షికారు సైకిళ్లని రానివ్వకండి, మేమూ ఆ నియమం పాటిస్తాం. ఇవన్నీ చేయడానికి వేసవిలో కాలువలు కట్టేసే రోజులు ఉండనే ఉన్నాయి. పూడిక తీసే యంత్రం ఎలాగూ గట్టు ఎక్కుతుంది. అదే చేత్తో దారి చదును చేయించి, తీసిన మట్టిని దారి మీద కుప్పలుగా వదలకుండా చూస్తే సగం పని అయిపోయినట్టే. జూన్‌లో నీళ్లు వదిలేనాటికి తేడా కనబడుతుంది.

డగ్లస్ గారు చేసిన పనే మేమూ చేయదలిచాం. ఎనిమిది రోజులు అడగం, ఒక్క ఉదయం చాలు. రానున్న ప్రతి ఆదివారం 5 గంటలకి సీతానగరం వైపు, బ్యారేజీ దిగే చోట మేం ఉంటాం. మీ ఇంజనీర్లలో ఎవరు వచ్చినా సరే, ఏ హోదా అయినా సరే. సైకిలు లేకపోతే చెప్పండి, మా దగ్గర రెండు అదనంగా ఉన్నాయి. సీటు ఎత్తు సరిచేసే పానా, పంచరు సామాను తెస్తాం. మెల్లగానే తొక్కుతాం. తవ్వి వదిలేసిన ఆ గండికాడ దిగి, ఆ పాలబ్బాయి వచ్చేదాకా ఆగుదాం. అతని క్యాన్లు ఒకటి మీరు పట్టుకోండి, ఒకటి నేను పట్టుకుంటాను. అవతలికి దాటాక మాట్లాడుకుందాం.

ఇట్లు,
ఈ కాలువ గట్టున పడవ లాగిన మనిషి మనవడు,
తాడేపల్లి